పడ్డానని రాశాను

కొత్తవాడ, వరంగల్
8 జూన్ 2025

మామకు నీ మహిత రాస్తున్నది.

అమ్మ, నేను, నా పెనిమిటి భానుచందర్ ముగ్గురం బాగానే ఉన్నాం. నీ చెవులు ఇంకా మొద్దుబారాయా? పోయిన నెల జైలు ఫోన్‌లో నేను గొంతు చించుకుని అరుస్తున్నా నువ్వు "ఆఁ? ఆఁ?" అంటూనే ఉన్నావు. ఇచ్చిన టైం కాస్తా అయిపోయింది. అన్నేళ్ళు పవర్‌లూముల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు మిగలవని అమ్మ అంటుంది. అందుకే ఇక ఫోన్ చేయకు. కాగితం మీదే మాట్లాడుకుందాం.

మామా, నాకు కొలువు దొరికింది. ములుగు రోడ్డులో కొత్తగా ఒక ప్రైవేటు జూ పెట్టారు. బోర్డు మీద ఇంగ్లీషులో మూరెడు పేరుంది కానీ మనవాళ్ళు దునియా జూ అంటారు. లోపల దునియా అంతా ఉంది మరి. గేటు దాటగానే ఆసియా. వాగు మీద వంతెన ఎక్కి దిగితే ఆఫ్రికా. దాని వెనక దక్షిణ అమెరికా, ఆ చివర ఆస్ట్రేలియా. ఒక్కో ఖండంలో ఒక్కో రంగు మట్టి తెచ్చి పోశారు. ఆసియాలో ఎలుగుబంటినీ జింకలనూ చూసి, ఏటూరునాగారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గేటు దగ్గర పంచాయితీ పెట్టింది. "గీటికి పైసలు కట్టాల్నా? మా చేన్లకు ఊకెనే వస్తయి!" అని.

నన్ను ఆఫ్రికాలో వేశారు. సింహాల దగ్గర అనుకునేవు, కాదు. హైనాలు. మన దుమ్ములగొండి జాతే, ఒంటి నిండా మచ్చలు. వాటిలో ఆడదే పెద్దది, పెత్తనమూ దానిదే. మా దగ్గర రెండు ఆడవి ఉన్నాయి. వాటికి జోడుగా మొన్న ఒక మగదాన్ని తెచ్చి వదిలారు. వదిలిన కాసేపటికే రెండూ దాని మీద పడ్డాయి. ముందు చెవి తెంపాయి, తర్వాత కడుపు చీల్చాయి. మేం పైపుతో నీళ్ళు కొట్టాం, డబ్బాలు వాయించాం, టపాకాయలు పేల్చాం. వినలేదు. అది ఇంకా అరుస్తుండగానే తినడం మొదలుపెట్టాయి. బొక్కలు కూడా చెరుకుగడ నమిలినట్టు నమిలేశాయి.

నేను గడ్డపార తీసుకుని జాలీ దగ్గరికి ఉరికాను. భాను నన్ను వెనక్కి గుంజి అందరి ముందు అరిచాడు. "సావాల్నని ఉందా నీకు?" అని. అతనూ ఇక్కడే పని చేస్తాడు, జంతువులకు మాంసం తెచ్చే బండి నడుపుతాడు. నాకు పౌరుషం వచ్చి ఇంటికెళ్ళాక కూడా మాట్లాడలేదు. చివరికి అతనే సర్వపిండి చేసి పెట్టాడు. మాడిపోయింది, అయినా తిన్నాను.

పెళ్ళికి నువ్వు లేని లోటు నాకు ఇంకా ఉంది. నువ్వు వచ్చాక ముగ్గురం కలిసి నిన్ను నాలుగు ఖండాలూ తిప్పుతాం.

నీ మేనకోడలు
మహిత

*

సెంట్రల్ జైలు, హైదరాబాద్
25 జూన్ 2025

చిరంజీవి మహితకు మామ దేవదాస్ దీవెనలు.

నీ ఉత్తరం జైలరు సారు చదివి, నవ్వుకుంటూ ఇచ్చారు. ముసలమ్మ మాటకే నవ్వి ఉంటారు. ఇక్కడ మా ఉత్తరాలన్నీ వాళ్ళు విప్పి చదివాకే మా చేతికొస్తాయి. నువ్వు కొలువు చేసుకుని నీ కాళ్ళ మీద నిలబడడం నాకు సంతోషం.

వరంగల్ జైలు తీసేసి మమ్మల్ని ఇటు తోలినప్పటి నుంచి నేను దరీలు నేసే షెడ్డులోనే ఉన్నాను. పోయిన వారం ఇద్దరు కుర్రాళ్ళు నూలు ఉండ కోసం కొట్లాడుకున్నారు. ఒకడు కత్తెర తీసి రెండోవాడి మెడలో దింపాడు. నేను పక్క మగ్గం మీదే ఉన్నాను, అరుపులు వినబడలేదు. నేస్తున్న దరీ మీద నెత్తురు చుక్కలు పడితే తలెత్తి చూశాను. వాడు బతికాడు. ఆ దరీని మాత్రం మళ్ళీ నేయాల్సి వచ్చింది.

నా నడవడి బాగుందని సూపరింటెండెంటు రాశారట. వచ్చే రిపబ్లిక్ డే నాటి విడుదలలో నా పేరు ఉండొచ్చంటున్నారు. ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది.

ఒక్క సంగతి అడగాలి. భానుచందర్ నీ మీద అందరి ముందు ఎందుకు అరిచాడు? గుంజాడని కూడా రాశావు. నలుగురిలో గుంజేవాడు నాలుగు గోడల మధ్య ఏం చేస్తాడు? మీ నాన్న వెంకట్రాజం కూడా మొదట అరుపులతోనే మొదలుపెట్టాడు. అరిచిన మర్నాడు మిఠాయి తెచ్చేవాడు. తర్వాత అక్క ముఖం మీద వాపులు. "ఏమైందే?" అంటే "పడ్డ తమ్మీ" అనేది. బాత్రూంలో పడ్డానంది, మెట్ల మీద పడ్డానంది. నాకు అర్థమయ్యేసరికి అక్కకు దవడ విరిగింది. ఆ రోజు మగ్గం కడ్డీ తీసుకుని మీ ఇంటికి వచ్చాను. తర్వాతది నీకు తెలుసు.

అరుపులను తేలిగ్గా తీసుకోకు.

దేవదాస్

*

కొత్తవాడ
13 జూలై 2025

మామా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత కోపం కూడా వచ్చింది. భాను నన్ను హైనాల నోటి నుంచి వెనక్కి గుంజాడు. నువ్వు ఆ గుంజడం ఒక్కటే పట్టుకున్నావు. అతను నాన్నలాంటివాడు కాదు. ఆ సంగతి ఇంతటితో వదిలెయ్.

ఇక్కడ పెద్ద గొడవ అయింది. పోయిన ఆదివారం హనుమకొండ వైపు నుంచి కొందరు పోరగాళ్ళు తాగి వచ్చారు. ఆస్ట్రేలియాలో కంగారూలు ఎగరడం లేదని వాటి మీద రాళ్ళు విసరడం మొదలుపెట్టారు. ఒక తల్లి సంచిలోంచి పిల్ల తల బయటికి పెట్టింది. రాయి సరిగ్గా దానికే తగిలింది. పిల్ల అక్కడికక్కడే పోయింది. తల్లికి తెలియదు. సంచిలో తల దూర్చి నాకుతూనే ఉంది. ఆ పోరగాళ్ళు అది కూడా వీడియో తీస్తున్నారు.

భాను బండి ఆపి దిగాడు. మామా, అతనిలో అంత కోపం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రాయి వేసినవాడి ముక్కు పగలగొట్టాడు. వాడు కింద పడ్డాక కూడా తన్నాడు. "మళ్ళ ఇసుర్తవార? ఇసురు సూద్దం!" అంటూనే తన్నాడు. మేం నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు. మేనేజర్ రాజేశ్వర్ రావు వచ్చి, పోరగాళ్ళను ఎలాగో నచ్చజెప్పి పంపించి, భానుకు వార్నింగ్ ఇచ్చాడు. ఇంటికొచ్చాక భాను అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. ఆ పిల్ల కోసమో, వాడిని కొట్టినందుకో చెప్పలేదు.

అప్పటి నుంచి నన్ను కొలువు మానేయమంటున్నాడు. "ఇంట్ల ఉండు, అత్తమ్మతోని ఉండు, గా ఆఫ్రికా మనకద్దు" అని రోజూ ఇదే పాట. అమ్మ కూడా అతని వైపే. నేను వినను. కష్టపడి సంపాదించుకున్న పని.

నువ్వు ఫికర్ చేయకు. జంతువులు మమ్మల్ని తాకలేవు. ఒక తలుపు వేశాకే రెండోది తెరుస్తాం.

మహిత

*

సెంట్రల్ జైలు
30 జూలై 2025

మహితకు,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను.

కింద పడ్డవాడిని తన్నినవాడి గురించి నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. ఇక్కడ నా చుట్టూ వాళ్ళే ఉన్నారు. తన్నాక ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. మీ నాన్న కూడా అక్క కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాడు. ఆ ఏడుపు చూసే అక్క ప్రతిసారీ కరిగిపోయేది.

ఇప్పుడు కొలువు మానేయమంటున్నాడు, ఇంట్లో ఉండమంటున్నాడు. మీ అమ్మ కార్ఖానాకు పోయి బీడీలు చుట్టుకుంటానంటే మీ నాన్న అన్న మాటలూ ఇవే. పేరు మారింది, మాట మారలేదు.

మీ అమ్మ అతని వైపు ఉందని రాశావు. మీ అమ్మ ఎప్పుడూ కొట్టేవాడి వైపే ఉంది.

ఏదైనా జరిగితే దాచకు. నాకు రాయి. నేను లోపల ఉన్నానని ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు.

మామ

*

కొత్తవాడ
24 ఆగస్టు 2025

మామకు,

చాలా రోజులైంది రాసి. మన్నించు. బాత్రూంలో కాలు జారి పడ్డాను. ఎడమ చేతికి దెబ్బ తగిలింది, కట్టు కట్టారు. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాయగలుగుతున్నాను. కాగితాన్ని పట్టుకునే చెయ్యి లేక అక్షరాలు అటూ ఇటూ పోతున్నాయి, ఏమనుకోకు.

కొలువుకు కొన్నాళ్ళు సెలవు. అమ్మ వంట చేస్తోంది, భాను నా తల దువ్వుతున్నాడు. దువ్వడం రాదు, చిక్కులన్నీ తెంపుతున్నాడు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. భద్రకాళి చెరువు నిండింది. ఇంకేం లేదు. మళ్ళీ రాస్తాను.

మహిత

*

సెంట్రల్ జైలు
10 సెప్టెంబర్ 2025

మహితకు,

నీ ఉత్తరం అందింది.

సారయ్య ములాఖత్‌కు వచ్చాడు. నాతో పాటు లూముల మీద పని చేసిన సారయ్య, నీకు గుర్తుండే ఉంటాడు. అద్దాల అవతల నుంచి అరిస్తే నాకు వినబడదని చెప్పదలచుకున్నదంతా కాగితం మీద రాసి చూపించాడు. మనవరాలికి జ్వరమని హనుమకొండలో ఒక దవాఖానకు పోయాడట. అక్కడ నిన్ను చూశాడట. చేతికి తువ్వాల చుట్టి ఉంది, తువ్వాల నెత్తురుతో నానిపోయింది. భానుచందర్ అంగీ మీద కూడా నెత్తురే. డాక్టర్ దగ్గరికి పోయేముందు అతను నీ చెవి దగ్గర వంగి, "పడ్డ అని చెప్పు, గంతే. ఇంకొక్క ముచ్చట మాట్లాడకు" అన్నాడట. సారయ్య పలకరించబోతే నువ్వు ముఖం తిప్పుకున్నావట.

నేను నిన్ను ఏమీ అడగను మహితా. మీ అమ్మను ఎన్నిసార్లు అడిగాను? అడిగితే అబద్ధమే వస్తుంది.

పెరోల్‌కు అర్జీ పెట్టాను. అక్కకు బాగా లేదని రాశాను. దసరా తర్వాత ఇస్తామంటున్నారు.

నీ చెయ్యి జాగ్రత్త.

దేవదాస్

*

కొత్తవాడ
3 అక్టోబర్ 2025

మామా,

నువ్వు పదో తారీఖున రాసిన ఉత్తరం మొన్న వచ్చి పక్కింట్లో ఉండిపోయింది, నా చేతికి నిన్న అందింది. దసరా పూట జమ్మి ఆకు చేతిలో పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం జైలరు సారు చదివితే చదవనీ. నాకు ఇప్పుడు నువ్వు ముఖ్యం.

నేను పడలేదు. భాను నన్ను కొట్టలేదు. నన్ను హైనా కరిచింది.

రోజూ చేసే పనే. పొద్దున హైనాలను వెనక గదిలోకి తోలి, మధ్య తలుపు దించి, చీల పెట్టి, ఆ తర్వాత ముందు భాగం కడగాలి. ఆ చీల అరిగిపోయింది. మార్చమని భాను, నేను మేనేజర్‌కు చెబుతూనే ఉన్నాం. కొలువు మానేయమని అతను నా వెంట పడింది అందుకే. నీకు రాయాల్సింది, రాయలేదు. రాస్తే నువ్వు కూడా మానేయమంటావని.

ఆ రోజు నేను వంగి నేల రుద్దుతున్నాను. చప్పుడు కాలేదు. పెద్ద ఆడది తలుపును మూతితో పైకి లేపుకుని వచ్చింది. ముఖానికి అడ్డంగా చెయ్యి పెట్టాను, ఆ చేతిని పట్టుకుంది. నొప్పి కన్నా ముందు చప్పుడు విన్నాను మామా, నా బొక్కల చప్పుడు. అది నన్ను వెనక గదిలోకి ఈడ్చుకుపోతోంది, అక్కడ రెండోది ఉంది.

భాను మాంసం దించుతున్నాడు. నా అరుపు విని లోపలికి ఉరికాడు. బయటి నుంచి కట్టె విసరలేదు, లోపలికే వచ్చాడు. పార కర్రను దాని పళ్ళ మధ్య దూర్చి, దాని మీదికెక్కి కూర్చుని మెలి తిప్పాడు. పళ్ళు విరిగాయి. నా చెయ్యి బయటికి వచ్చింది, రెండు వేళ్ళు దాని నోట్లోనే ఉండిపోయాయి. నన్ను భుజాన వేసుకుని బయటికి దూకి, కాలితో తలుపు మూశాడు.

కారులో దవాఖానకు పోతుంటే మేనేజర్ ఫోన్ చేశాడు. "బాత్రూంల పడి తలుపుల చెయ్యి నలిగిందని చెప్పున్రి. ఇన్‌స్పెక్షన్ ఉన్నది. గిది బయటవడితె జూకు తాళమే. అందరి బువ్వ పోతది" అన్నాడు. అక్కడ పని చేసేవాళ్ళలో సగం మంది మా వాడకట్టువాళ్ళే. నేను తల ఊపాను. భాను ఇష్టం లేకుండానే సరే అన్నాడు. సారయ్య విన్నది ఆ మాటే. ముఖం తిప్పుకున్నానంటే, నాకు అప్పుడు ఎవరు ఎవరో తెలియడం లేదు. ఇప్పుడు మళ్ళీ కొలువుకు పోతున్నాను, జూలోనే దాణా గదిలో లెక్కలు రాస్తాను.

మీ ఉత్తరాలు వాళ్ళు చదువుతారని నువ్వే రాశావు. జైలు నుంచి ఎవరి చెవినైనా పడుతుందని భయపడి నీకూ అదే అబద్ధం రాశాను. ఆ ఒక్క మాట నీకు ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు.

సోమవారం జైలుకు ఫోన్ చేయిస్తాను. ములాఖత్‌కు పేరు రాయించాను, వచ్చే వారం ఇచ్చారు. నేనే వచ్చి చెయ్యి చూపిస్తాను. పళ్ళ గాట్లు చూస్తే నీకే తెలుస్తుంది, అవి మనిషి చేసినవి కావని. అప్పటిదాకా పెరోల్ వచ్చినా ఎక్కడికీ పోకు. నేరుగా అమ్మ దగ్గరికి రా. దండం పెడతాను మామా.

నీ మహిత

*

సెంట్రల్ జైలు
14 అక్టోబర్ 2025

మహితకు,

మళ్ళీ ఇదే జైలు, ఇదే బ్యారక్. నువ్వు నా మీద కోపంగా ఉన్నావని తెలుసు. కోపం తగ్గాక చదువు.

నాలుగో తారీఖు శనివారం పొద్దున్నే పెరోల్ మీద వదిలారు. ఇంటికి రాలేదు. వస్తే అక్క నా కాళ్ళకు అడ్డం పడుతుంది. హనుమకొండలో బస్సు దిగి, ఆటో పట్టుకుని నీ జూకే వచ్చాను. టికెట్ తీసుకున్నాను. ఎండ బాగా కాస్తోంది, బడిపిల్లలు వరసగా నడుస్తున్నారు. ఆసియా దాటాను. వంతెన దాటాక పూలమొక్కల కోసం గుంతలు తవ్వి ఉన్నాయి. అక్కడొక గడ్డపార పడి ఉంది.

వాడు బండి దగ్గర ఉన్నాడు. బర్రె తొడ భుజాన వేసుకుని దించుతున్నాడు. నన్ను చూశాడు. ఫొటోలో చూసి ఉంటాడు, గుర్తుపట్టాడు. నవ్వాడు. పెదవులు "మామా" అన్నట్టు కదిలాయి. మీ నాన్న కూడా ఆ రోజు "రా బామ్మర్దీ" అన్నాడు.

మొదట చేతి మీద కొట్టాను. నిన్ను కొట్టిన చెయ్యి. మోచేతి దగ్గర విరిగింది. వాడు తిరగబడలేదు, రెండో చెయ్యి ఎత్తి ఏదో చెబుతున్నాడు. మళ్ళీ కొట్టాను, మోకాలి మీద. పడ్డాడు. పిల్లలు పరిగెత్తారు. అప్పుడు నువ్వు వచ్చావు. నోరంతా తెరిచి అరుస్తున్నావు. నాకేమీ వినబడలేదు. అక్క కూడా ఆ రోజు అట్లాగే అరిచింది, కొట్టించుకున్న ఆడది కొట్టినవాడి కోసం అరవడం నాకు కొత్త కాదు. నువ్వు నీ ఎడమ చెయ్యి నా ముఖం ముందు పెట్టి ఊపావు. రెండు వేళ్ళు లేవు. అది చూశాక నాకు కళ్ళు కనబడలేదు. తల మీద కొట్టాను.

నలుగురైదుగురు నా మీద పడి కొట్టారు. పక్కటెముకలు రెండు పోయాయి. పోలీసులు ఎందుకు కొట్టావని కాగితం మీద రాసి అడిగారు. "వానికే ఎర్క" అన్నాను.

రిపబ్లిక్ డే సంగతి ఇక లేదు. ఇక్కడే పోతాను. ఫరవాలేదు. నీ మీద ఇంకెవరూ చెయ్యి ఎత్తరు, నాకు అది చాలు.

ఆఫీసులో నాకొక ఉత్తరం వచ్చి ఉందట. నేను బయట ఉన్నప్పుడు వచ్చిందట. రేపు ఇస్తామన్నారు. నీదే అయి ఉంటుంది.

మామ

*

కొత్తవాడ
2 నవంబర్ 2025

పైన ఏమని పిలవాలో తెలియక ఖాళీగా వదిలాను.

నా ఉత్తరం నీకు అంది ఉంటుంది. చదివి ఉంటావు. నీ జవాబు రాలేదు. రాకపోవడమే మంచిది.

భాను బతికాడు. హైదరాబాద్ దవాఖానలో తల ఆపరేషన్ చేశారు. కుడి కన్ను పోయింది. మోచేతిలో బొక్క పిండి అయిందని, ఇక ఆ చెయ్యి మడవలేడని డాక్టర్ చెప్పాడు. మోకాలికి రాడ్లు వేశారు. చాలా రోజులు మాట లేదు, నన్ను గుర్తుపట్టలేదు. ఒక పొద్దున కట్ల మధ్య నుంచి నా వైపు చూసి మెల్లగా పెదవులు కదిపాడు. నేను వంగి విన్నాను. "మామకు చెప్పినవా, నేను కొట్టలేదని?" అన్నాడు. మొదటి మాట అది. "చెప్పిన" అన్నాను. "నమ్మిండా?" అన్నాడు. నేను బయటికి వచ్చి వరండాలో గోడకేసి తల కొట్టుకున్నాను.

ఆ రోజు నేను అరిచింది ఏమిటో నీకు తెలియాలి. "హైనా కరిచింది మామా, ఈయనే బతికిచ్చిండు" అని అరిచాను. నీకు వినబడదని గుర్తొచ్చి చెయ్యి చూపించాను. పళ్ళ గాట్లు చూస్తావనుకున్నాను. నువ్వు లేని వేళ్ళను చూశావు. నేను చెయ్యి ఎత్తకపోతే తల మీద దెబ్బ పడేది కాదేమో. నిద్ర పట్టినప్పుడల్లా నాకు ఆ చెయ్యే కనిపిస్తోంది. కానీ గడ్డపార నా చేతిలో లేదు. నేను మోయాల్సింది నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి.

పోలీసులు వచ్చినప్పుడు అన్నీ చెప్పాను. హైనా, అరిగిన చీల, మేనేజర్ ఫోన్, అన్నీ. జూకు తాళం పడింది. వాడకట్టులో కొందరు మా ఇంటి ముందు నిలబడి తిట్టారు. మొగిలమ్మ అనే ఆమె, ఆస్ట్రేలియాలో ఊడ్చేది, నా మీద దుమ్మెత్తి పోసింది. "నీ ఇంటి లొల్లి మా పొట్ట మీదికి తెస్తివి" అంది. అమ్మ బయటికి వచ్చి ఆమెను పల్లెత్తు మాట అనకుండా నన్ను లోపలికి తీసుకుపోయింది.

అమ్మ సంగతి చెప్పాలి. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. "అక్క కూడా అట్లాగే అరిచింది" అన్న చోట ఆపమంది. ఆపాక అంది: "నా పేరు జెప్పి ఒగన్ని సంపిండు. నా బిడ్డ పేరు జెప్పి ఒగన్ని అవిటోన్ని జేసిండు. నేను ఎన్నడన్న కొట్టుమన్ననా? నా కొడుకసోంటి తమ్ముడని ఇన్నేండ్లు నోరు మూసుకున్న." తర్వాత లేచి, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్న భానుకు జావ కాచింది. ఇప్పుడు ఆమే అతని నోటికి అందిస్తోంది. నా ఎడమ చెయ్యి, అతని కుడి చెయ్యి పని చేయవు. మా ఇద్దరికీ కలిపి అమ్మ.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అందరూ "మీ మామ మిమ్ములను కాపాడిండు" అన్నారు. నేను కూడా అదే అన్నాను. బళ్ళో అడిగినా అదే అన్నాను. నాన్న అమ్మను కొట్టేవాడు, నిజం. నా జడలు వేసేదీ నాన్నే, అది కూడా నిజం. అతని కోసం ఏడిస్తే నీకు ద్రోహం చేసినట్టు అనిపించేది. అందుకని ఏడవలేదు. ఇన్నేళ్ళకు, భాను పక్కన కూర్చుని ఇద్దరి కోసం కలిపి ఏడ్చాను. నన్ను ఏం కావాలని నువ్వు ఎన్నడూ అడగలేదు. సెప్టెంబర్ ఉత్తరంలో కూడా "నేను నిన్ను ఏమీ అడగను" అనే రాశావు. ఆ ఒక్కటి అడిగి ఉంటే చాలు మామా.

చూడు, మామా అని రాసేశాను. అలవాటు. కొట్టేయను, ఉండనీ.

నీ మీద ప్రేమ లేదని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. కానీ దానికీ, నేను చేయబోయేదానికీ సంబంధం లేదు. మంగళవారం మేజిస్ట్రేట్ ముందు నా వాంగ్మూలం. రాజీ పడమని సారయ్య వచ్చి భాను కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ముసలోడు, చెవిటోడు, తెల్వక చేసిండు బిడ్డా" అన్నాడు. భాను నా వైపు చూశాడు, నీ ఇష్టం అన్నట్టు. నేను సారయ్యకు చాయ్ ఇచ్చి పంపించాను. రాజీ లేదు. నా పెనిమిటి నన్ను ఒక్కనాడూ కొట్టలేదని మొదట చెబుతాను. అతన్ని కొట్టింది మా మేనమామ దేవదాస్ అని తర్వాత చెబుతాను. కేసు కోర్టుకు వచ్చినప్పుడు నిన్ను చూపించమంటే వేలు పెట్టి చూపిస్తాను.

పక్కటెముకలకు కట్టు సరిగ్గా కట్టారా? అమ్మ అడగమంది.

ములాఖత్‌కు రమ్మని రాయకు. రావాలనిపించిన రోజు నేనే వస్తాను. అనిపించకపోతే రాను.

మహిత